రైల్లోంచి తిరిగిన చక్రాలు

ఏలూరు ఏ పని మీద వెళ్లానో మర్చిపోయాను గానీ, ఆ రైలును మర్చిపోలేదు. తాడేపల్లిగూడెంలో ఎక్కిన భార్యాభర్తలు నా ఎదురుగా కూర్చున్నారు. తణుకులో బంధువుల పెళ్లికి వెళ్లి భీమడోలు తిరిగి వెళ్తున్నారట. ఆయన కూర్చోగానే ఆవిడ భుజం మీద తల వాల్చి నిద్రపోయారు.

భీమడోలు ఇంకాస్త దూరం ఉందనగా సిగ్నల్ లేక రైలు ఆగింది. బయట మబ్బు పట్టింది. ఆవిడ ఫోన్‌లో హెచ్చరిక మోగింది. చూడగానే ఆవిడ ముఖం మారిపోయింది.

"ఏమైందండీ?" అన్నాను.

"చెరువులో ఆక్సిజన్ పడిపోయిందండీ. ఇలాగే వదిలేస్తే రొయ్యలు చచ్చి తేలిపోతాయి. అదిగోండి, మాదే."

పట్టాల అవతల చెరువు, అందులో నీళ్లను చిలికి గాలి కలిపే ఏరియేటర్ల చక్రాలు, కదలకుండా. గట్టు మీద మనిషి లేడు.

"స్తోత్రం ప్రభువా" అనుకుంటూ ఆవిడ ఫోన్‌లో ఏరియేటర్ల మోటారు బటన్ నొక్కింది. క్షణం పాటు ఏమీ జరగలేదు. తర్వాత ఒకదాని వెంట ఒకటి చక్రాలన్నీ తిరిగాయి. నీళ్లు తెల్లగా ఎగిరిపడ్డాయి.

మాది అనంతపురం వైపు. కరెంటు వచ్చిందంటే మోటారు వేయడానికి పొలానికి పరుగెత్తే మనుషుల మధ్య పెరిగాను. "తిరిగాయండీ!" అని అరిచేశాను.

"మెల్లిగానండీ, ఆయనకి మెలకువ వచ్చేస్తుంది," అంది ఆవిడ. "చెరువు తవ్వించాక మేమిద్దరం కలిసి ఊరు దాటడం ఇదే మొదలండీ. ఇన్నాళ్లూ ఎవరో ఒకరం గట్టు మీదే ఉండేవాళ్లం."

రైలు కదిలిన కుదుపుకి ఆయన తల జారింది. ఆవిడ ఫోన్ ఒళ్లో పడేసి, రెండు చేతులతో ఆ తలను మళ్లీ భుజం మీదికి సర్దుకుంది.