రిమ్మా మణికట్టు

రిమ్మాకు ఆరేళ్లప్పుడు తండ్రి వెనియమిన్ పెద్దవాళ్ల టెన్నిస్ రాకెట్ ఒకటి తెచ్చి, పిడి కోసి పొట్టిగా చేసి చేతికిచ్చాడు. ఆయన రష్యాలోని పెర్మ్ నగరంలో మోటార్ల కర్మాగారంలో లేతు మీద పనిచేసేవాడు. జన్మలో టెన్నిస్ ఆడినవాడు కాడు. లైబ్రరీలో దొరికిన ఒక్క పుస్తకమే ఆయనకు గురువు. మంచు కురిసే ఆరు నెలలూ బడి వ్యాయామశాల కాపలాదారుణ్ణి బతిమాలుకొని, పిల్లలు రాకముందే కూతుర్ని గోడకెదురుగా నిలబెట్టేవాడు. వరసగా రెండొందల సార్లు కొట్టాలి. నూట తొంభైలో తప్పినా మళ్లీ ఒకటి నుంచే.

తల్లి తైసియా ఒకసారి అడ్డం పడింది. "దాని అరచెయ్యి చూశావా? బొబ్బలు చితికిపోయాయి."

"చితకనీ. తోలు గట్టిపడుతుంది."

రిమ్మాకు పన్నెండో ఏట తైసియా క్యాన్సరుతో పోయింది. ఖననమైన మర్నాడే తండ్రీ కూతుళ్లు వ్యాయామశాలకు వెళ్లారు. అది క్రూరమని రిమ్మాకు తోచలేదు. ఇంట్లో కూర్చుని తల్లి కోటు వంక చూడటం కన్నా బంతి కొట్టడమే నయమనిపించింది.

ఇరవై ఒకటో ఏట ఆమె ప్రపంచంలో ఎనభై మూడో స్థానానికి చేరింది. అంతకు మించి ఎన్నడూ ఎక్కలేదు. ఊరూరా తండ్రి వెంట ఉండేవాడు. హోటలు గదిలో కూతురి మేజోళ్లు తానే ఉతికి ఆరేసేవాడు. కరెంటు పాత్రలో గోధుమ జావ కాచి పెట్టేవాడు. ఆట ఓడిన రోజు మాత్రం మాట్లాడేవాడు కాదు.

మరుసటేడు జర్మనీలో ఒక పోటీ. మూడో రౌండుకు ముందు కుడి మణికట్టు వాచింది. జట్టు డాక్టరు ఇగ్నాత్ ల్వోవిచ్ స్కానింగు తీయించి, వెనియమిన్‌ను వరండాలోకి పిలిచాడు. తిరిగొచ్చిన తండ్రి, "ఉత్త వాపేనట. సూది వేయించుకుని ఆడొచ్చు" అన్నాడు. సూది వేసింది మాత్రం వేరే డాక్టరు. ఎందుకని రిమ్మా అడగలేదు.

రెండో సెట్టులో నాలుగు మూడు మీద ఉండగా, గుడ్డ చిరిగినట్టు చప్పుడు ఆమెకొక్కదానికే వినిపించింది. నరం తెగింది. రెండు ఆపరేషన్లయ్యాయి. ఆ తర్వాత ఆ చేత్తో తాళంచెవి తిప్పడం కూడా కష్టమే అయింది.

ఆమె పెర్మ్‌కు తిరిగొచ్చి ఒక చిన్న క్లబ్బులో ఆడపిల్లలకు ఆట నేర్పే పనిలో చేరింది. ఎవరైనా అడిగితే వెనియమిన్, "మధ్యలో వదిలేసింది. గుండె చాల్లేదు" అనేవాడు. పక్కగదిలోంచి రిమ్మా వినేది. నిజమేనేమో అనుకునేది.

తొమ్మిదేళ్లకు, ఒక ప్రాంతీయ పోటీలో ఇగ్నాత్ ల్వోవిచ్ కనిపించాడు. బాగా ముసలివాడైపోయాడు. ఆమె చెయ్యి పట్టుకుని మణికట్టు తిప్పి చూశాడు.

"ఆడితే తెగుతుందని మీ నాన్నకు స్పష్టంగా చెప్పానమ్మా. సూది వెయ్యనని కూడా చెప్పాను. ఇంకో డాక్టర్ని పట్టుకున్నాడు."

"నాకెవరూ చెప్పలేదు."

"నేనే నీకు చెప్పాల్సింది" అన్నాడాయన, తల వంచుకుని.

ఆమె ఇంటికొచ్చేసరికి తండ్రి వంటింట్లో బంగాళదుంపలు ఒలుస్తున్నాడు. కోటు విప్పకుండానే అడిగింది.

"తెగుతుందని నీకు ముందే తెలుసా నాన్నా?"

కత్తి ఆగలేదు. "తెలుసు."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే ఆడేదానివా?"

"ఆడేదాన్ని కాదు."

"అందుకే చెప్పలేదు."

దుంపను నీళ్లలో వేసి ఇంకొకటి తీసుకున్నాడు. ఆయన గొంతులో పశ్చాత్తాపం కోసం ఆమె వెతికింది. అలసట తప్ప ఏమీ దొరకలేదు. ఆ వారమే వేరే గది చూసుకుని వెళ్లిపోయింది.

పది రోజులకు వెనియమిన్ క్లబ్బుకు వచ్చి గోడవారన బల్ల మీద కూర్చున్నాడు. ఆ తర్వాత రోజూ వచ్చాడు. ఆమె పొమ్మనలేదు, పలకరించలేదు. ఒకనాడు ఆయనే, "ఆ చివరి పిల్ల మోచెయ్యి కిందికి జారుతోంది, చూడు" అన్నాడు. నిజమే. వెనక్కి తిరగకుండానే వెళ్లి పిల్ల మోచెయ్యి సరిచేసింది. రెండేళ్లలో వాళ్ల మధ్య నడిచిన మాట అదొక్కటే. ఫిబ్రవరిలో తన ఇంటి గుమ్మం ముందు మంచు ఎత్తిపోస్తూ ఆయన కుప్పకూలాడు.

ఖననం తర్వాత భోజనాల దగ్గర పక్కింటి క్లావ్దియా కళ్లొత్తుకుంది. "కూతుర్ని ప్రపంచానికి చూపించిన మనిషి."

"నా చెయ్యి పోగొట్టింది కూడా ఆయనే" అంది రిమ్మా.

అందరూ పళ్లేల్లోకి చూసుకున్నారు. "పోయినవాళ్ల గురించి మంచే చెప్పుకోవాలి తల్లీ" అని క్లావ్దియా గొణిగింది.

ఇప్పుడు క్లబ్బులో ఏ పిల్ల నొప్పి అన్నా రిమ్మా అప్పటికప్పుడు ఇంటికి పంపేస్తుంది. నిరుడు, అందరికన్నా బాగా ఆడే స్నెజానాను భుజం నొప్పి అన్నందుకు పోటీ నుంచి తప్పించింది. వాళ్ల నాన్న టెన్నిస్ కోర్టులోకొచ్చి, "నీ చేతగానితనం మా పిల్లకెందుకు అంటిస్తావు?" అని అందరి ముందూ అన్నాడు. మర్నాడు పిల్లను వేరే కోచ్ దగ్గర చేర్పించాడు. ఆ వెనకే మరో నలుగురు వెళ్లిపోయారు.

ఈ ఏడు మే నెలలో స్నెజానాకు భుజం ఆపరేషన్ అయిందని తెలిసింది. రిమ్మా ఆసుపత్రి దాకా వెళ్లింది. గుమ్మంలో ఆ తండ్రి అడ్డంగా నిలబడి ఉన్నాడు. ఆయన పక్కకు జరగలేదు. తెచ్చిన యాపిల్ పళ్లు నర్సు చేతికిచ్చి ఆమె బస్సెక్కింది.