కల్బా బస్సులో తెగిన పోగు

ఆ రోజు దుబాయ్ వెళ్లడానికి కల్బాలో బస్సెక్కుతుంటే ఇంటి నుంచి ఫోన్ వచ్చింది. "అన్నా, మగ్గం అమ్మేసిన. కొసలు గూడ కోసిండ్రు," అన్నాడు తమ్ముడు.

బట్ట దిగాక పాత పడుగు కొసల్ని మేం మగ్గం మీంచి తియ్యం. కొత్త పడుగు పోగుల్ని ఒక్కొక్కటిగా వాటికే మెలిపెట్టి అతుకుతాం. దుబాయ్ వచ్చేటప్పుడు ఆ కొసల్ని అలాగే ఉంచి వచ్చాను. మళ్లీ వెళ్లి అతుక్కోవచ్చన్న ఆశతోనే నాలుగేళ్లు సిమెంటు మోశాను.

పక్క సీట్లో వయసు మళ్లిన తెల్లావిడ స్వెటర్ అల్లుతోంది. ఐర్లాండ్ నర్సట, ఆస్పత్రిలో హిందీ నేర్చుకుందట. ఉన్ని దారం పుటుక్కున తెగింది. ఆమె ముడి వేయబోతుంటే, "మేడమ్, రుకో!" అని దాదాపు లాక్కున్నాను. రెండు కొసల్నీ విప్పి, తడిచేసి, గట్టిగా మెలిపెట్టాను. ఆమె లాగి చూసింది. తెగలేదు.

"స్నాహ," అంది. వాళ్ల ఐరిష్ భాషలో ఒక్క పోగుకు ఆ పేరట. నూలంతటినీ కలిపి స్నా అంటారట, సూదికి కూడా దాన్నుంచే పేరొచ్చిందట. తల్లి పోయాక ఆ మాట పైకి అనడం అదే మొదటిసారి అని చెప్పింది.

"మీ ఇంట్లో ఎవరు నేస్తారు?" అని అడిగింది.

"తమ్ముడు నేస్తున్నాడు," అన్నాను.

ఆమె ముఖం ఇప్పుడు గుర్తు లేదు. దుబాయ్ చేరేదాకా ఆ మాటే లోపల అనుకుంటూ కూర్చున్నాను, స్నాహ, స్నాహ అని. ఆపితే తమ్ముడి గొంతు వినబడుతోంది.