మా అత్త పెట్టిన చోడి కల్లు

మా మేనత్త పోయిందని కొబ్బరికాయల బండివాడు పలాసలో మా గుమ్మం ముందు బండి ఆపి చెప్పాడు. ఊరివాళ్ళెవరూ కబురు పంపలేదు. పంపరని నాకు తెలుసు. ఉద్దానం ఇసకలో ఉంది ఆ ఊరు. పేరు రాయను, రాస్తే దానికి మర్యాద చేసినట్టవుతుంది.

మీకు ఆవిడెవరో చెప్పాలి. మా నాన్నకి అక్క. చిన్నతనంలోనే మొగుడు పోయాడు, పిల్లలు లేరు. తల్లి లేని నన్ను పెంచింది. చోడి కల్లు, అంటే రాగులు పులియబెట్టి చేసే కల్లు, పెట్టడంలో మా వైపు ఆమెకి సాటి లేరు. ఊళ్ళో పెళ్ళైనా, అమ్మవారి పండగైనా ఆమెకే కబురొచ్చేది.

ఆ పని నాకూ నేర్పింది. చోళ్ళు నానబెట్టి, తడిగుడ్డలో మొలకెత్తించి, నీడన ఆరబెట్టి విసరాలి. ఆ పిండిని కాచిన జావలో కలిపి, పూర్తిగా చల్లారాక పాత కుండ అడుగు మడ్డి వెయ్యాలి. "సెయ్యెట్టి సూడు. ఏడి తగిలితే మడ్డి సచ్చిపోతాది" అనేది. మా ఎండలకి కుండ ఇంట్లో పెడితే పులుపెక్కి పాడవుతుంది. అందుకని నూతి పక్క తడి ఇసకలో మెడదాకా పాతి, చుట్టూ నీళ్ళు చల్లేది. కల్లు తాను తాగేది కాదు. వేలు ముంచి పెదవికి తగిలించుకుని, ఒక కన్ను మూసి, అయిందో లేదో చెప్పేది.

మొదటిసారి నేను నా తెలివికొద్దీ ఊరగాయ జాడీలా గాలి తగలకూడదని మూత చుట్టూ మట్టి మెత్తేశాను. కుండ పగిలి అంతా ఇసకపాలైంది. తిడుతుందనుకున్నాను. పెంకులు ఏరుతూ, "ఊపిరాడనీవే దాన్ని, ఓలమ్మీ. అదీ బతికున్నదే కదేటి" అంది. తర్వాత గుడ్డ వదులుగా కట్టడం చూపించింది.

ఇక చేదు సంగతి. ఊరి పెద్ద తన కొడుకు పెళ్ళికి కల్లు పెట్టమంటే, ఆయన పెరట్లోనే కుండలు పాతింది. సరిగ్గా పెళ్ళినాడు అబ్కారీ జవాన్లు వచ్చారు. ఇళ్ళల్లో కల్లు పెట్టకూడదని సర్కారు చట్టం. కుండలెవరివని అడిగితే ఊరి పెద్ద నేలచూపులు చూశాడు. పెళ్ళి ఆగిపోతుందని మా అత్తే ముందుకొచ్చి, "నాయే బాబూ. ఆయనకేటీ తెల్దు" అంది. ఆమెని టెక్కలి తీసుకుపోయి ఖైదులో పెట్టారు. పెళ్ళి నిక్షేపంగా జరిగింది.

ఆమె తిరిగొచ్చాక ఆ ఊరి పెద్దే పంచాయితీ పెట్టి, జైలు కూడు తిన్న మనిషి చేతి నీళ్ళు ఎవరూ ముట్టకూడదన్నాడు. కల్లుకి మాత్రం అభ్యంతరం లేదు సుమండీ. పెరటిదారిన వచ్చి ముంతలు నింపుకుపోయేవారు. ఎండన పడి వచ్చారు కదా అని ఆమె నీళ్ళివ్వబోతే చేతులు వెనక్కి పోయేవి.

"ఎందుకత్తా ఈళ్ళకి పోత్తావు?" అని నేను మండిపడేదాన్ని.

"ఎప్పుడో ఒకప్పుడు నా నీళ్ళూ తాగుతార్లే" అనేది.

ఆ ఆశతోనే పోయింది.

పాడె మొయ్యడానికి పక్క ఊరి మనుషుల్ని పిలుచుకున్నాం. అంతా అయ్యాక ఊరి పెద్ద వచ్చాడు. "దినానికి ఊరంతా వత్తాం. సచ్చిపోయినాక ఇంకా తప్పేటుంటాది? కల్లు మాత్రం నువ్వెట్టు. మీ అత్త సెయ్యి నీకొచ్చింది" అన్నాడు.

పెట్టాను. ఆమె దాచిన మడ్డితోనే, ఆమె నూతి పక్కనే. బాగా కుదిరింది.

దినంనాడు ఊరంతా వచ్చి ఇసకలో వరసగా కూర్చుంది. కల్లు కుండ తెచ్చి ఎదురుగా పెట్టాను. ఆమె నూతిలోంచి నీళ్ళు తోడి, ముందు అవి అందరి దొప్పల్లోనూ పోశాను.

"తప్పు నేదన్నావు గదా మావా. ముందు మాయత్త నీళ్ళు తాగండి. కల్లు ఆ తర్వాత" అన్నాను.

ఊరి పెద్ద నిండు దొప్పని వేలితో పక్కకి జరిపాడు. పక్కవాడు అతన్ని చూసి తనదీ జరిపాడు. అలా చివరిదాకా ఒక్కొక్కరే జరిపి, నోళ్ళెండిపోతున్నా, అందరూ కల్లు కుండకేసే చూస్తూ కూర్చున్నారు.