రంగు అందని రేకు

నా చిన్నప్పుడు ఒక ఏడాది ప్రత్యేక తెలంగాణ ఉద్యమంతో బడులన్నీ నెలల తరబడి మూతపడ్డాయి. పిల్లలం, మాకైతే పండగే. దిల్‌సుఖ్‌నగర్‌లో అప్పుడు ఇళ్లకన్నా పొలాలే ఎక్కువ. పోచంపల్లి వైపు నుంచి వచ్చి స్థిరపడిన, నేతపని చేసే మా తాతయ్య పెరట్లో రంగు దారాలు ఆరేసేవాడు. ఆ ఎర్రని దారాల కింద పడుకుని, దూరంగా రోడ్డు మీద నినాదాలు వింటూ, నేనూ రెండేళ్ల మా తమ్ముడూ నిద్రలోకి జారుకునేవాళ్లం.

వాడికి పుట్టినప్పటి నుంచీ జ్వరాలు, గడ్డలు, నోట్లో పుండ్లు. బయటివేవీ పెట్టొద్దని అమ్మ వెయ్యిసార్లు చెప్పింది. నేను వింటేగా! ఒకరోజు ఊరేగింపు చూపిస్తానని వాణ్ణి ఎత్తుకెళ్లి, జామకాయ కొరికి నా ఎంగిలి ముక్క వాడి నోట్లో పెట్టాను. ఎంత ఇష్టంగా చప్పరించాడో! మర్నాటికి ఒళ్లు కాలిపోయింది. అమ్మానాన్నలు వాణ్ణి మూసీ దాటించి దవాఖానకు తీసుకెళ్లారు. తమ్ముడికేమైనా అయితే నేనే చంపుకున్నట్టు అనుకున్నాను. ఎవరికీ చెప్పలేదు. అన్నం సహించలేదు.

నాలుగో రోజు తాతయ్య దవాఖాన నుంచి వచ్చి నన్ను మగ్గం ముందు కూర్చోబెట్టుకున్నాడు. అటూ ఇటూ తోసే నాడె నా చేతికిచ్చి నేయమన్నాడు. మధ్యాహ్నపు ఎండ మగ్గం మీద మెల్లగా పాకుతుంటే, నా కళ్ల ముందే ఎర్రపువ్వొకటి విచ్చుకుంది. ఒక్క రేకు మాత్రం తెల్లగా ఉండిపోయింది. ఇదీ నేనే చెడగొట్టానని బావురుమన్నాను. జామకాయ సంగతంతా అప్పుడే బయటపడింది.

తాతయ్య కోప్పడలేదు. ఇంకా నేయని నిలువు దారాల పడుగును చేత్తో పరిచి చూపించాడు. నా చెయ్యి పడని ఆ దారాల మీద కూడా ప్రతి పువ్వులో ఆ రేకు తెల్లగానే ఉంది. దారాలన్నీ కలిపి కట్టి రంగులో ముంచే ముందే అక్కడ ఒక ముడి ఎక్కువ పడిందట. ముడి ఉన్నచోట రంగు దిగదు.

“నువ్వెట్ల నేసినా గంతే ఒస్తది బిడ్డా. జామకాయ మనమంత తింటం, మనకేమైతున్నది? రోగంతోని కొట్లాడే తెల్ల కణాలు నీ తమ్మునికి ఎదగకముందే ఆగిపోతున్నయని డాక్టరు చెప్పిండు. అమ్మ దిక్కుకెళ్లి సగం, నాయిన దిక్కుకెళ్లి సగం, కడుపుల పడ్డనాడే పడ్డ ముడి అది. ఎవ్వలూ తెలిసి కట్టింది గాదు.”

ఆ పూట కడుపు నిండా తిన్నాను.

తమ్ముడు ఇంటికొచ్చాడు. కానీ మూడేళ్లు నిండకుండానే వెళ్లిపోయాడు. ఆ రోజు వచ్చిన చుట్టాలు అమ్మ చుట్టూ చేరి, కడుపుతో ఉన్నప్పుడు ఏం తిన్నదో, ఏ గ్రహణం చూసిందో ఆరాలు తీశారు. అమ్మ తల వంచుకుని, నిజమే కాబోలు అన్నట్టు వింటోంది. నాకు ఒళ్లు మండిపోయింది. పెద్దవాళ్ల మధ్యకు వెళ్లి నిలబడ్డాను.

“మా అమ్మ ఏం చెయ్యలె. ఎవ్వలూ ఏం చెయ్యలె.”

అమ్మ తలెత్తి నావైపు చూసింది. నన్ను ఒళ్లోకి లాక్కుని, అప్పుడు ఏడ్చింది.

ఇప్పటికీ ఏ ఇంట్లో పసివాడికి బాగాలేదన్నా, ఎట్లా వచ్చిందని నేను అడగను. తిన్నగా వెళ్లి ఆ తల్లి పక్కన కూర్చుంటాను.