సూర్యారావు సార్ అనని మాట

మా వీధి చివర ఇస్త్రీ బండాయన పని ముగించి బొగ్గుల మీద నీళ్ళు చల్లుతాడు. సెలవు మీద ఎల్బీనగర్ ఇంట్లో కూర్చున్నా సరే, ఆ తడి బొగ్గు వాసన తగిలిందంటే ఓడ అడుగుకు దిగినట్టే ఉంటుంది నాకు. వెంటనే సూర్యారావు సార్ గుర్తొస్తారు. ఆయన నన్ను నలుగురిలో అవమానించారు. ముందుగా ఆ సంగతి చెప్పి తీరాలి.

తెలంగాణ ఉద్యమం రోజులవి. దిల్‌సుఖ్‌నగర్‌లో ఓడ పనులు నేర్పే చిన్న ఇన్‌స్టిట్యూట్‌లో చేరాను. నల్లగొండ నుంచి వచ్చిన కుటుంబం మాది; సముద్రాన్ని ఫొటోల్లో తప్ప చూడలేదు. సార్‌ది కాకినాడ. సరుకు ఓడల మీద పనివాళ్ళకు సరంగుగా, అంటే జట్టు పెద్దగా, జీవితమంతా గడిపి వచ్చారు. ఆయన పాఠం ఒక్కటే, హోల్డు కడగడం. హోల్డంటే ఓడలో సరుకు పోసే గది, నాలుగైదు అంతస్తుల లోతు. ఈసారి బొగ్గు మోసిన గదిలోనే వచ్చేసారి గోధుమలు పోస్తారు.

"ఎవరి పిల్లలో తింటార్రా ఆ గోధుమలు. కిరసనాయిలు పోసిన డబ్బాలో మీ అమ్మ బియ్యం పోస్తుందా?" అనేవారు.

పాత రేకుల షెడ్డులో బొగ్గుపొడి చల్లించి మా చేత కడిగించేవారు. ఒకరోజు పొద్దుటి నుంచి నడుము విరిగేలా గోడలు రుద్దాను. సార్ వచ్చి నిచ్చెనెక్కి, గోడకున్న ఇనుప దూలం పైభాగాన, కింది నుంచి కంటికి కనిపించని చోట, అరచేయి పెట్టి లాగారు. చెయ్యి నల్లబడింది. దిగివచ్చి ఆ చేతిని నా తెల్ల యూనిఫాం మీద, సరిగ్గా గుండె దగ్గర తుడిచారు.

"నువ్వు వదిలేసింది నువ్వే మోసుకెళ్ళు అబ్బాయ్."

"పొద్దుగాల సంది కడుగుతున్న సార్, జర చూసి మాట్లాడున్రి!"

"కళ్ళతో కడిగావు. చేత్తో చూడలేదు."

అందరూ నవ్వారు. ఎవరెవరు నవ్వారో ఇప్పటికీ పేర్లతో చెప్పగలను.

మర్నాడు బంద్. బస్సులు లేవు. ఎల్బీనగర్ నుంచి నడుచుకుంటూ వెళ్ళి ప్రిన్సిపాల్‌కు ఫిర్యాదు ఇచ్చాను. చొక్కా సంగతి రాశాను. దాని బలం చాలదనిపించి కింద ఇంకో వాక్యం చేర్చాను: తెలంగాణ వాళ్ళకు పని చేతకాదని సార్ అన్నారని.

ప్రిన్సిపాల్ కాగితం మీద నుంచి తలెత్తాడు. "గిట్ల అన్నడా నిజంగ?"

"అన్నడు సార్."

కిటికీ కింద ఊరేగింపు పోతోంది. ఆయన అటు చూశాడు, మళ్ళీ కాగితం చూశాడు. వారం తిరగకముందే సార్ కుర్చీ ఖాళీ అయింది.

రెండేళ్ళ తర్వాత, ఓడ మీద మూడో నంబరు హోల్డులో ఒక పక్క గోడ నా వంతు. అయిపోయిందని నేనే చెప్పాను. గోధుమలు పోసేముందు తనిఖీకి వచ్చినవాడు గోడ దూలం పైన వేళ్ళు పెట్టి తీశాడు. బొగ్గు. హోల్డు పనికిరాదన్నాడు. మళ్ళీ కడగమని తొందరపెట్టారు. మా జట్టులో వయసులో పెద్దవాడు జోసఫ్ అన్న, "నువ్వుండు తమ్ముడూ, నేనెక్కుతా" అని తడి నిచ్చెన ఎక్కాడు. నేను వదిలేసిన దూలం దాకా వెళ్ళి, అక్కణ్ణుంచి జారి పడ్డాడు. వెన్ను విరిగింది.

ఓడ దిగగానే సార్‌ను వెతుక్కుంటూ బడంగ్‌పేట్ వెళ్ళాను. కిరాయి ఇంటి గేటు దగ్గరే నిలబెట్టారు, లోపలికి రమ్మనలేదు. జరిగింది చెప్పాను.

"బొగ్గు ఎక్కడ దొరికింది?"

"దూలం మీద సార్."

"పడ్డవాడు నడుస్తున్నాడా?"

"లేదు సార్."

సార్ గేటు గడియ మీద చెయ్యి వేశారు.

"సార్, ఆ మాట మీరు అనలే. నేనే రాసిన."

"నేననలేదని నాకు తెలియదట్రా? నాకెందుకు చెప్తావు, ఎవరికి రాసిచ్చావో వాళ్ళకి చెప్పు" అని గేటు వేసుకున్నారు.

ఇంటి ఓనరు మీద, స్టోరు డీలరు మీద, ఓడ కెప్టెన్ల మీద ఎన్నో ఫిర్యాదులు రాశాను, దేన్నీ వెనక్కి తీసుకోలేదు. నా మీద నేను రాసుకున్నది ఒక్కటే, సార్ ఆ మాట అనలేదని. దాన్ని పట్టుకుని వెళ్తే ఇన్‌స్టిట్యూట్ ఉన్నచోట లేడీస్ హాస్టల్ ఉంది. "ఎవరు కావాలె? ఈడ గట్లాంటిదేం లేదు, పో అన్నా" అని వాచ్‌మన్ నన్ను లోపలికి పోనివ్వలేదు.

ఇప్పుడు నేనే సరంగును. నా చెయ్యి ఆనకుండా ఏ హోల్డూ తనిఖీకి పోదు. ఆ చేతిని ఎవరి చొక్కాకూ తుడవను; ఆ విషయంలో సార్‌ను క్షమించలేదు. ఆ కాగితం మాత్రం ఏ ఓడ ఎక్కినా నా పెట్టె అడుగున ఉంటుంది. తీసుకునేవాళ్ళు లేరు.