కొంగున కట్టిన గుడ్డు

కొత్తవాడ అంగన్‌వాడీలో పనిచేసిన ఆయమ్మకు ఒక అలవాటుండేది. పిల్లలందరూ తిన్నాక, మిగిలిన ఉడికిన గుడ్డొకటి కొంగున ముడేసుకొని బయలుదేరేది. గుడ్డు సెంటర్లోనే తినిపించాలన్నది రూలు. నేను సూపర్‌వైజర్ని. ఒకరోజు తల్లులందరి ముందూ ఆ ముడి విప్పించాను.

"ఇంటికి తీస్కపోతున్నవా?" అన్నాను, నాకన్నా పెద్దదాన్ని పట్టుకొని.

ఆమె తల దించుకోలేదు. "నాకు గాదు మేడం. జర నాతోని వచ్చి సూడుండ్రి."

వెళ్లాను, దొంగతనం రుజువు చేద్దామనే. రెండు సందుల అవతల ఒక ఇంట్లో తల్లి మగ్గం మీద జంపఖానా నేస్తోంది. పక్కనే చాప మీద నడవలేని పాప. ఆయమ్మ చెప్పిన పేరు వినగానే గుర్తొచ్చింది. సెంటరుకు రావడం లేదని ఆ పేరు రిజిస్టరులోంచి కొట్టేసింది నేనే. ఎందుకు రావడం లేదని ఒక్కసారైనా అడగలేదు.

ఆయమ్మ గుడ్డు ఒలిచి, చిన్నగా తుంచి పాప నోటికి అందించింది. పాప నావైపు చూసి, "గీమె ఎవలు?" అని అడిగింది.

"నీకు గుడ్డు పంపే మేడం, బిడ్డా. దండం పెట్టు," అంది ఆయమ్మ.

పాప నవ్వుతూ రెండు చేతులూ జోడించింది.