పెద్దమ్మ మోకాలిలోని లోహం

మా పక్కింటి పెద్దమ్మ పోయిన శుక్రవారం కన్నుమూసింది. చితిలో కాలకుండా మిగిలిన ఆమె మోకాలి లోహం మా ఇంట్లో ఉంది. అది ఎవరికి చేరాలో త్వరగా తేలాలి. అందుకే దుఃఖం తగ్గేదాకా ఆగకుండా ఇప్పుడే రాస్తున్నాను.

మాది పట్నం పక్కన మాదాపూర్ పల్లె. పెద్దమ్మ మాకు చుట్టం కాదు. భర్త లేడు, పిల్లలు లేరు. మదీనాగూడలో ఒక తమ్ముడున్నాడు. పెద్దమ్మ మా అమ్మతో కలిసి పొలం పనికి పోయేది. మా ఇంట్లో నాకంటే ముందు బడికి వెళ్లినవారు లేరు. నన్ను పంపమని నాన్న దగ్గర పట్టుబట్టింది ఆమే. సాయంత్రాలు నా పాఠం వింటూ చేటలో బియ్యం ఏరేది. అర్థం కాకపోయినా మధ్యలో ఆపనిచ్చేది కాదు.

ఆమె కుడి మోకాలి కీలు పూర్తిగా అరిగిపోయినప్పుడు, పట్నం దవాఖానలో విదేశంలో చదివొచ్చిన డాక్టరు కొత్త కీలు వేస్తానన్నారు. నేనూ వెంట వెళ్లాను. తొడ ఎముక చివరకు కోబాల్టు, క్రోమియం కలిపిన లోహం తొడుగుతారట. దాని కింద, కాలి ఎముక మీద గట్టి ప్లాస్టిక్ దిమ్మ. రెండూ కదలకుండా సిమెంటు లాంటి ముద్దతో అతికిస్తారట.

“బంగారం పెట్టరాదా సారూ, మెడల ఎట్లాగు లేదు” అంది పెద్దమ్మ.

ఆయన నవ్వారు. బంగారం మెత్తనిది, తొందరగా అరుగుతుందన్నారు. మనవాళ్లు నేలమీద కూర్చుని లేచేవాళ్లు కాబట్టి ఈ కీలు ఎన్నేళ్లు ఆగుతుందో తనకూ తెలియదని, వాడినదాన్ని ఎప్పటికైనా చూడగలిగితే తర్వాతివాళ్లకు మేలని చెప్పారు. ఆ మాట ఆమె మనసులో ఉండిపోయింది.

“నేను పోయినంక ఇది సారుకియ్యి బిడ్డా. ఇంకొకల కాలుకు అక్కరకొస్తది” అనేది.

నడక వచ్చింది కానీ కాలు పూర్తిగా ముడవదు. పెళ్లిళ్లలో బంతిలో కూర్చోలేక, అందరూ లేచాక ఒక మూల ఎత్తు పీట మీద తినేది. చలికాలం మోకాలికి ఉన్ని గుడ్డ చుట్టేది, లోపలి ఇనుముకు చలి పెడుతుందని.

పొలంలో ఉరిమినప్పుడు ఆడవాళ్లు కొడవళ్లు దూరంగా విసిరేసేవారు. ఇనుము పిడుగును పిలుస్తుందని భయం. తర్వాత అందరి చూపూ పెద్దమ్మ మోకాలి మీదికి పోయేది. ఎవరూ ఏమీ అనకముందే ఆమె లేచి, దూరపు గట్టు మీద ఒక్కతే తడుస్తూ కూర్చునేది. ఒకసారి నేను వెళ్తే తరిమేసింది. బడిలో సారును అడిగాను. ఒంట్లోని లోహం పిడుగును పిలవదన్నారు. పరుగున వచ్చి చెప్పాను.

“నువ్వు చెప్పింది నిజమే గావచ్చు. గని వాళ్లకు భయమైతది గద” అంది. మరుసటి వానకూ గట్టు మీదికే వెళ్లింది.

ఆమె పోయిన రోజు మోకాలు కోసి లోహం తీయించే మాట నేను ఎత్తితే ఆమె తమ్ముడు ఒప్పుకోలేదు. మూడోనాడు బూడిదలో ఎముకలు ఏరుతుంటే లోహం దొరికింది. ప్లాస్టిక్ మిగల్లేదు. అది అక్క ఎముక కాదని, బొక్క కానిదాన్ని గంగలో కలపకూడదని ఆయన పక్కన పెట్టేశాడు.

“బొక్క జేసే పనే జేసింది గద తమ్మీ” అంది అమ్మ.

ఆయన దాన్ని కండువాతో తుడిచి నా చేతిలో పెట్టాడు. “ఆ సారు దొరికితే ఇయ్యి. దొరకకుంటే నాతోని పంపు.”

డాక్టరుగారు ఇప్పుడు ఎక్కడున్నారో దవాఖానలో చెప్పలేకపోయారు. ఈ మాట ఆయనకు చేరినా, ఆయన జాడ మీలో ఎవరికి తెలిసినా, దయచేసి ఈ పత్రిక ద్వారా పన్నెండో తేదీ లోపల జవాబు రాయండి. మర్నాడు తెల్లవారి మొదటి బస్సుకు పెద్దమ్మ తమ్ముడు ఎముకలు తీసుకుని కృష్ణకు వెళ్తాడు. సంచిలో ఈ లోహానికీ కాస్త చోటు ఉంచమని ఆయనకు చెప్పాను.